కిటికీ లేని గుడారం

కొండ కింద లాడ్జి, ఉతుకుల గది
ఏప్రిల్ 4

ఒరేయ్ దబ్బనం,

క్షేమం అని రాయకు. క్షేమంగా లేవని నాకు తెలుసు.

మొన్న ఫోన్ చేసి గొంతు నొప్పి పుట్టేదాకా మాట్లాడాను. అవతల నుంచి "ఊఁ" తప్ప ఇంకో మాట లేదు. పక్కనున్న మీ బావ, "నువ్వు ఫోన్ చేసింది తమ్ముడికా, తలుపుకా?" అని అడిగాడు. అందుకే ఉత్తరం. కాగితం మీద "ఊఁ" అని రాయడానికి నీకే సిగ్గేస్తుంది.

చిట్టికి ఉద్యోగం వచ్చిందని, నువ్వు వద్దన్నావని మీ ఆవిడ చెప్పింది. నీళ్ళ ఆఫీసు ఉద్యోగం. మా కొండ మీదున్న సరస్సులన్నీ నెలకోసారి తిరిగి, వాటిలో పాతిన కొలత బద్దలు చూసి, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో రాసుకురావాలి. ఒక్క రోజులో ఎక్కి దిగడం ఎవరి వల్లా కాదు కాబట్టి పై సరస్సు దగ్గర ఒక రాత్రి ఉండాలి. ఒంటరిగా. నీకు గుచ్చుకున్నది ఆ ఒక్క మాటే అయి ఉంటుంది.

మీ ఆవిడ ఇంకా ఏమందో తెలుసా? "తండ్రీ కూతుళ్ళు మాటలు మానేశారు వదినా. మధ్యలో నాకు పోస్ట్‌మ్యాన్ పని పడింది. 'మీ నాన్నని భోజనానికి రమ్మను', 'మీ అమ్మాయిని లైటు ఆర్పమను.' జీతం లేదు, సెలవు లేదు" అంది.

ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నీ మాట లేకుండా వెళ్ళగలదు, కానీ వెళ్ళదు. మొండితనం నీ నుంచి వచ్చింది, మర్యాద ఎవరి నుంచి వచ్చిందో మరి. జూన్ నెలాఖరుకల్లా చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట.

ఎందుకు వద్దన్నావో రాయి. నాకైనా రాయి.

అక్క


కొట్టు వెనక గది
ఏప్రిల్ 15

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. బావ మోకాలు ఎలా ఉందో రాయలేదు.

నాకు ఎక్కువ రాయడం రాదని నీకు తెలుసు. బడి రెండో తరగతితో సరి. లారీలకు టార్పాలిన్లు కుడుతూ, ఆ లారీల వెనక రాతలు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నేను సొంతంగా చదివిన మొదటి మాట "దూరం పాటించండి". అందుకే ఇలా తయారయ్యానని మీ మరదలు అంటుంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. చలికాలంలో చిట్టి కొట్టుకు వచ్చి, ఒక మనిషి పట్టే గుడారం కుట్టాలి, ఆర్డరు వచ్చింది అంది. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి, పైభాగంలో నెలవంకల్లా రెండు కంతలు గీసింది. వాటికి దోమతెర గుడ్డ వేయాలట. "ఇవెందుకు?" అని అడిగాను. "కుట్టించుకునేవాళ్ళు అలాగే కావాలన్నారు" అంది. అడిగింది కుట్టడం నా పని. కుట్టాను. బాగా కుదిరింది.

మార్చిలో ఉద్యోగం కాగితం వచ్చింది. ఆ రోజే చెప్పింది, గుడారం తనకేనని. నేను వద్దన్నాను. ఎందుకని అడిగింది. చెప్పలేదు. మళ్ళీ అడిగింది. చెప్పలేదు. గుడారం మడిచి, కొట్టులో మేకుకు తగిలించాను. రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు పని లెక్క రాసుకుంటాను కదా. ఆ రోజు "గుడారం" అని రాసి, దాని ఎదురుగా ఏం రాయాలో తెలియక వదిలేశాను.

ఇంకో సంగతి. రాయకపోయినా ఫరవాలేదు, కానీ రాస్తున్నాను. తర్వాత ఒక సాయంత్రం కొట్టు కట్టేసే ముందు ఆ గుడారం దించి, దోమతెర ఊడదీసి, ఆ రెండు కంతలూ మూసేసి కుట్టాను. లోపల ఒక పొర, బయట ఒక పొర. గుడ్డంతా మైనం పట్టించాను. ఇప్పుడు ఎంత వాన కురిసినా చుక్క నీరు లోపలికి రాదు.

ఉంటాను.

తమ్ముడు


ఉతుకుల గది
ఏప్రిల్ 27

ఒరేయ్,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. కంతల దగ్గరికి వచ్చేసరికి, "ఆగాగు, అది మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. "పంపనన్న పిల్ల తడవకూడదని రాత్రీపగలూ కుడుతున్నాడా మీవాడు?" అని ఒకటే నవ్వు. ఆయన మోకాలు బాగానే ఉంది, నవ్వినప్పుడు మాత్రం నొప్పి పెడుతుందట. ఆ పాపం నీదే.

ప్రయాణం వద్దంటూనే మూట కట్టేవాణ్ణి నిన్నే చూశాను.

ఎందుకు వద్దన్నావో మాత్రం రెండు పేజీలు తిప్పి తిప్పి రాశావు గానీ చెప్పలేదు. "భయం" అని రాయి. రెండే అక్షరాలు. లారీల వెనక ఎక్కడా రాసి ఉండదు కానీ నీకు వచ్చు.

చిట్టి ఎడమ చేతి విషయంలోనూ ఇంతే చేశావు. గుర్తుందా? కుట్టు ఇటు వాలాలి, అటు వాలుతోంది అని, సూది లాక్కుని కుడి చేతిలో పెట్టేవాడివి. అది నువ్వు తల తిప్పగానే మళ్ళీ ఎడమ చేతిలోకి మార్చుకునేది. ఇప్పుడేమైంది? కుట్టు అటే వాలుతోంది. ఎక్కడైనా ఊడిందా?

ఒక మాట అడుగుతాను. నేను ఈ కొండ కిందికి కాపురానికి వచ్చి నా జుట్టు తెల్లబడింది. ఇన్నేళ్ళలో నువ్వు ఎన్నిసార్లు వచ్చావు, ఒక్కసారైనా ఎక్కావా? నా దుప్పట్ల తీగ దాకా వస్తావు. తలెత్తి చూస్తావు. "ఎత్తుగానే ఉంది" అంటావు. బస్సెక్కుతావు. కంటితో చూసినవాడు భయపడ్డాడంటే వింటాను. తీగ దగ్గర నిలబడి భయపడేవాడి మాట నేనెందుకు వినాలి, అదెందుకు వినాలి?

కోపం వస్తే రానీ.

అక్క


కొట్టు వెనక గది
మే 20

అక్కా,

జూన్ మొదటి వారంలో వస్తాను. పైకి వెళ్తాను. ఆ గుడారంతోనే. ఒక్కణ్ణే. తోడొస్తానని బావ అనకుండా చూడు.

పని మీద వెళ్తున్నానని మీ మరదలికి చెప్పాను. చిట్టికి చెప్పడానికి మా మధ్య మాటలు లేవు కాబట్టి అబద్ధం ఒకటి మిగిలింది.

నువ్వు రాయమన్న రెండక్షరాలు చూసి వచ్చాక రాస్తాను.

తమ్ముడు


ఉతుకుల గది
జూన్ 8

దబ్బనం గారికి,

ఎక్కేముందు నా ఇంట్లో పడుకున్నావు. సంతోషం. మీ బావ మాట్లాడాడు, నువ్వు తిన్నావు. పొద్దున్నే వెళ్ళావు. మర్నాడు నీ కోసం వేన్నీళ్ళు కాచి పెట్టాను.

దుప్పట్లు ఆరేస్తుంటే తీగ అవతల, దుప్పటి అంచు కింద నుంచి రెండు తడిసిన బూట్లు వెళ్ళడం కనిపించింది. మడమలు అలా ఈడ్చుకుంటూ నడిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. "ఒరేయ్" అని పిలిచాను. బూట్లు ఆగాయి. మళ్ళీ నడిచాయి. నేను దుప్పటి తప్పించి వచ్చేసరికి నువ్వు బస్సులో ఉన్నావు.

"ఎక్కడో జారి పడుంటాడు, సిగ్గుపడ్డాడు" అన్నాడు మీ బావ. నేనూ అదే అనుకుందామని చూశాను. కుదరలేదు. పడినవాడివైతే కుంటేవాడివి.

పైన ఏం చూశావురా? నాతో మాట్లాడకుండా వెళ్ళేంతటిది ఏం కనిపించింది? నువ్వు ముందు రాయి. తర్వాత నేనూ ఒకటి రాయాల్సి రావచ్చు.

వేన్నీళ్ళతో మీ బావ స్నానం చేశాడు.

అక్క


కొట్టు వెనక గది
జూన్ 13

అక్కా,

నీ గుమ్మం దాటి వచ్చేశాను. నువ్వు పిలవడం విన్నాను. తప్పే. కానీ ఆగి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. నాకు అనడం కంటే రాయడమే మేలు. నువ్వే నేర్పావు.

కొండ మొదట్లో గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "కొత్త బూట్లు, కొత్త సంచి, పాత మనిషి. ఒక్కరేనా?" అన్నాడు. ఒక్కణ్ణే అన్నాను. "మాట్లాడటానికి ఎవరూ ఉండరండీ పైన" అన్నాడు. ఆ మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది.

మొదటి సరస్సు దాకా దారి బాగుంది. చెట్ల మధ్య నుంచి నీళ్ళు ముందు ఆకుపచ్చగా కనిపించాయి, దగ్గరికి వెళ్తే ఏ రంగూ లేదు, అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి. ఒడ్డు పక్కనే కొలత బద్ద ఉంది. తెల్లది, నల్ల గీతలతో. దాన్ని చూస్తే కొట్టులో నా గజం బద్ద గుర్తొచ్చింది. చిట్టి ఇక్కడికి వచ్చి వంగి చూసి రాసుకుంటుందన్నమాట, నేను గుడ్డ కొలిచినట్టు. అంతవరకు ఆ ఉద్యోగం అంటే ఏమిటో నాకు తెలియదు. తెలియకుండానే వద్దన్నాను.

రెండో సరస్సు దాటాక చెట్లు ఆగిపోయాయి. రాళ్ళు, గాలి. సంచి పట్టీలు భుజాలు కోశాయి. పట్టీలకు లోపల మెత్త పెట్టాలని ఇన్నేళ్ళుగా జనం అడుగుతుంటే సోకు అనుకునేవాణ్ణి.

పై సరస్సు చేరేసరికి ఇంకా వెలుగుంది. చుట్టూ మూడు వైపులా రాతి గోడ, ఒక అంచున ఇంకా కరగని మంచు. ఒక చివర నీళ్ళ ఆఫీసువాళ్ళ రేకుల షెడ్డు, తాళం వేసి ఉంది. దానికి కాస్త దూరంలో గుడారం వేశాను. రాళ్ళు పెట్టి తాళ్ళు బిగించాను. తర్వాత చేయడానికి ఏమీ లేదు. కొట్టులో ఏ పనీ లేనప్పుడు కూడా చేతిలో దారం ఉంటుంది. అక్కడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చాలాసేపు నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. నీళ్ళు నా వైపు చూడలేదు. అది బాగుంది.

చీకటి పడ్డాక భయం వేసింది. రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఎక్కడో రాయి దొర్లింది. మృగమా, మనిషా, ఉత్త రాయేనా? నా కోసం కాదు అక్కా. ఈ చప్పుడు అది ఒక్కతే వింటుంది కదా అని.

తర్వాత వాన వచ్చింది. గుడారం మీద గట్టిగా కొట్టింది. చేత్తో కుట్లన్నీ తడిమి చూశాను. పొడి. ఒక్క చుక్క రాలేదు. నన్ను నేనే మెచ్చుకుని నిద్రపోయాను.

ముఖం మీద నీళ్ళు పడి మెలకువ వచ్చింది. దుప్పటి తడి, చొక్కా తడి. ఎక్కడో కుట్టు వదిలిందనుకుని మళ్ళీ తడిమాను. కుట్లు గట్టిగానే ఉన్నాయి. కానీ గుడ్డ లోపలి వైపంతా చెమట పట్టినట్టు నీళ్ళు, బొట్లు బొట్లుగా. బయట వాన ఎప్పుడో ఆగిపోయింది. లోపల మాత్రం కురుస్తోంది.

కాసేపటికి అర్థమైంది. అది వాన కాదు. నా ఊపిరే. పోవడానికి దారి లేక పైకెళ్ళి, చల్లటి గుడ్డకు తగిలి, నీళ్ళై నా మీదే పడింది. ఆ నెలవంకలు దానికోసం. జీవితమంతా లారీల మీద సరుకు కోసమే కుట్టినవాణ్ణి. సరుకు ఊపిరి తీసుకోదు.

తెల్లవారగానే బయటికి వచ్చాను. ఒళ్ళు వణుకుతోంది. గాలి తగలకుండా షెడ్డు పక్కకు వెళ్ళి నిలబడ్డాను. షెడ్డు తలుపుకు వానజల్లు కొట్టకుండా ఒక కాన్వాసు పరదా వేలాడుతోంది. ఎప్పుడో అడ్డంగా చిరిగింది, ఎవరో కుట్టారు. కుట్టు కనిపిస్తే చూడకుండా ఉండలేను. చూశాను.

మైనం పట్టిన పసుపు దారం, మన కొట్టుది. చివర ముడి వెనక్కి తిప్పి రెండుసార్లు వేసి ఉంది, నేను నేర్పిందే. కానీ కుట్టు అటు వాలింది.

కోపం వచ్చింది. ఆ కోపంలోనే వేలు దూర్చి కుట్టు లాగి చూశాను. రాలేదు.

పోయిన ఏడు చలి మొదలయ్యే రోజుల్లో, అత్తకు ఒంట్లో బాగాలేదు, ఉతుకుల పనిలో సాయం చేసి వస్తానని చిట్టి నీ దగ్గరికి వచ్చింది. నీకు అప్పుడు ఒంట్లో బాగానే ఉంది కదూ, అక్కా?

తమ్ముడు


ఉతుకుల గది
జూన్ 18

తమ్ముడూ,

బాగానే ఉంది. రాయిలా ఉన్నాను.

క్షమించమని రాయను. మళ్ళీ ఆ రోజు వచ్చినా అదే చేస్తాను. ఒక రాత్రి పైన ఉండి, బద్దలు సరిగ్గా చదివి వచ్చినవాళ్ళనే ఉద్యోగానికి పిలుస్తామని ఆఫీసువాళ్ళు అన్నారట. నిన్ను అడిగితే ఏమంటావో దానికీ తెలుసు, నాకూ తెలుసు. లాడ్జిలో ఎవరో వదిలేసి పోయిన గుడారం ఉంటే అదిచ్చి పంపాను. అందులో పైన రెండు కంతలున్నాయి. నీకు గీసి ఇచ్చిన బొమ్మ దాన్ని చూసి గీసిందే. అది పడుకుని, తెలుసుకుని గీసిన బొమ్మను నువ్వు నిలబడి మూసేశావు.

పరదా సంగతి నాకు తెలియదు. నాకు చెప్పలేదు. తెల్లారి చేయడానికి ఏమీ లేక కుట్టి ఉంటుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని జబ్బు ఎవరి నుంచి వచ్చిందో నన్ను అడగకు.

దిగి వచ్చిన రోజు సంగతి చెబుతాను. ఆకలితో వచ్చింది. ప్లేటు ఖాళీ అయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత, "భయం వేసిందత్తా, రాత్రి రాళ్ళు దొర్లుతాయి" అంది. "మీ నాన్నకు చెప్పనులే" అన్నాను. అదేమందో తెలుసా? "భయం వేసిందని కావాలంటే చెప్పు అత్తా. బాగుందని మాత్రం చెప్పకు. నాన్న తట్టుకోలేడు."

ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు వెళ్ళి వచ్చావు కాబట్టి చెబుతున్నాను.

ఇంకొకటి. అది పైనున్న రాత్రి నేను పడుకున్నాననుకోకు. మీ బావ గురక వింటూ కిటికీ దగ్గరే కూర్చున్నాను. వాన పడగానే లేచి గుమ్మంలోకి వెళ్ళి కొండ వైపు చూస్తూ నిలబడ్డాను. భయం నీ ఒక్కడి సొత్తు కాదురా. నేను పంపి భయపడ్డాను. నువ్వు పంపకుండా భయపడుతున్నావు. తేడా అంతే.

నెలాఖరు దగ్గర పడింది. ఇక నీ ఇష్టం. నేను మాట్లాడను. ఈ మాట మీ బావ నమ్మలేదు.

అక్క


కొట్టు వెనక గది
జూన్ 25

అక్కా,

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నిన్న మధ్యాహ్నం గుడారం బల్ల మీద పరిచి, నేను వేసిన కుట్లు విప్పడం మొదలుపెట్టాను. నేను వేసిన కుట్టు విప్పడం ఎంత కష్టమో నిన్నే తెలిసింది.

చిట్టి లోపలికి వచ్చింది. మేకు ఖాళీగా ఉండటం చూసి, నేను గుడారం అమ్మేశానని ఇన్నాళ్ళూ అనుకుందట. దాన్ని బల్ల మీద చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. దగ్గరికి వచ్చి గుడ్డ లోపలి వైపు తిప్పి చూసింది. మైనం మీద నీటి మరకలు కట్టి ఉన్నాయి.

"ఇందులో ఎవరు పడుకున్నారు?" అంది. ఎవరితో అంటోందో తెలియనట్టు గోడ వైపు చూస్తూ అంది.

"టార్పాలిన్లు కుట్టేవాడొకడు."

"తడిశాడా?"

"తడిశాడు."

"వానకా?"

"కాదు."

అది నవ్వు ఆపుకోబోయింది. ఆగలేదు. నాకూ వచ్చింది. లోపలి గదిలోంచి మీ మరదలు పరుగెత్తుకొచ్చి ఇద్దర్నీ చూసి, "హమ్మయ్య, నా ఉద్యోగం ఊడింది" అంది.

తర్వాత నేను అడిగాను, "ఈ దోమతెర లోపలి వైపు కుట్టాలా, బయటి వైపా?"

"లోపలి వైపు నాన్నా."

మార్చి తర్వాత ఆ మాట వినడం అదే మొదలు. తలవైపు కంతకు అది కుట్టింది, కాళ్ళవైపుకు నేను కుట్టాను. నా కుట్టు ఇటు, దాని కుట్టు అటు. సరిచేయలేదు. పని అయ్యాక చెప్పాను, "పై సరస్సు దగ్గర షెడ్డు పరదాకు ఎవరో కుట్టు వేశారు. లాగి చూశాను. గట్టిగా ఉంది." తల దించుకుని దారం కొరికింది. "అయితే నెలాఖరుకు వెళ్ళి చేరనా?" అంది. పట్టీలకు మెత్త కుట్టాక వెళ్ళమన్నాను. ఈ రోజు అదే కుడుతున్నాను.

రాత్రి లెక్క రాసుకుంటూ మార్చి నెల పేజీ తీశాను. "గుడారం" ఎదురుగా "చిట్టిది" అని రాశాను.

ఒకటి అడుగుతాను, కాదనకు. అది పైకి వెళ్తున్నప్పుడు నాకు తెలియజేయకు. అదీ చెప్పదు, నేనే వద్దన్నాను. దిగాక రాయి. నువ్వు కిటికీ దగ్గర కూర్చుంటావని తెలుసు. ఆ రాత్రులు మనిద్దరిలో ఒకరు పడుకుంటే చాలు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ నిజం.

బావను అడిగానని చెప్పు.

తమ్ముడు


ఉతుకుల గది
జూలై 16

తమ్ముడూ,

దిగింది. తింటోంది, అందుకే ఇంకా మాట్లాడలేదు.

గుడారం ఆరేద్దామని తీగ దగ్గరికి తీసుకెళ్ళి విప్పాను. ఆరేయడానికి ఏమీ లేదు. పొడిగానే ఉంది.

అక్క